ఐవీఎఫ్ నిలబడలేదు, ఇప్పుడు ఆక్యుపంక్చర్‌కు వెళ్లొచ్చా? హైదరాబాద్‌లో చేయించుకున్నవాళ్లు చెప్పండి

శ్రావణి_నిజాంపేట్:

అందరికీ నమస్కారం. నాకు ముప్పై నాలుగేళ్లు, పెళ్లయి ఎనిమిదేళ్లు. ఐయూఐలు (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం) అయ్యాయి, ఐవీఎఫ్ కూడా ఒకసారితో ఆగలేదు. గుడ్లు బాగా వచ్చాయన్నారు, పిండాల గ్రేడింగ్ బాగుందన్నారు. తీరా బీటా రిపోర్టు, అంటే గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష వచ్చేసరికి మళ్లీ నెగెటివ్. వేసవిలో చేసిన ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) కూడా నిలవలేదు. ఇంకా కొన్ని పిండాలు ఫ్రీజ్ చేసి ఉన్నాయి, దసరా వెళ్లాక చూద్దామని డాక్టర్ గారు అన్నారు.

ఈ మధ్యలో దొరికిన ఖాళీ నెలల్లో ఏం చేయాలన్నదే నా ప్రశ్న. మా అత్తయ్యకు గుడిలో పరిచయమైన ఒకావిడ, వాళ్ల బంధువుల అమ్మాయికి సూదుల వైద్యంతో కడుపు పండిందని చెప్పారట. అత్తయ్య మాట కాదనలేక ఒకసారి వెళ్లి కలిశాను. ఆయన నాడి పట్టుకుని చూశారు, నాలుక చూశారు. నిద్ర ఎలా పడుతోంది, కాళ్లు చల్లబడతాయా, నెలసరి ముందు కోపం వస్తుందా, అన్నం సహిస్తోందా అని ఎంతసేపో అడిగారు. నిజం చెప్తున్నాను, ఇన్నేళ్లలో నన్ను ఈ మాటలు అడిగిన వైద్యులు ఎవరూ లేరు. ఫెర్టిలిటీ సెంటర్‌లో టోకెన్ తీసుకోవడం, పొద్దున్నే స్కాన్, గోడకేసి చూస్తూ పడుకుంటే ఎవరో అంకెలు చెప్తుంటే ఇంకెవరో రాసుకోవడం, అంతే. వాళ్లను తప్పుపట్టడం లేదు, బయట వందమంది వరసలో ఉంటారు. కానీ ఆయన ముందు కూర్చున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ప్యాకేజీ చెప్పారు. నలభై ఐదు వేలు, సగం ముందే కట్టాలి. రోజూ పరగడుపున తేనెలో కలుపుకోమని ఒక గోధుమరంగు పొడి ఇచ్చారు. డబ్బా మీద పేరు లేదు, ఏముందని అడిగితే "మా గురువుగారి తయారీ" అన్నారు. పొడి వాడినన్నాళ్లు థైరాయిడ్ మాత్ర ఆపేయమన్నారు. అక్కడ నా మనసు ఆగింది. డబ్బా ఇంకా అల్మారాలో అలాగే ఉంది, తెరవలేదు.

ఆక్యుపంక్చర్ వల్ల ట్రాన్స్‌ఫర్ నిలబడే అవకాశం నిజంగా పెరుగుతుందా? చేయించుకున్నవాళ్లకు ఎలా అనిపించింది? ఇంకొకటి కూడా అడగాలి. ఇంట్లో, బంధువుల్లో, ఆఫీసులో అందరిదీ ఒకటే మాట, "నువ్వు టెన్షన్ పడుతున్నావు కాబట్టే రావట్లేదు, మనసు ప్రశాంతంగా పెట్టుకో, అదే వస్తుంది" అని. మొన్న మా ఆడపడుచు సీమంతంలో గాజులు వేసే వరసలో నుంచుంటే ఒక పెద్దావిడ అందరి ముందూ ఇదే అన్నారు. టెన్షన్ పడకుండా ఎలా ఉంటారండీ? నా టెన్షన్ వల్లే పిండాలు పోతున్నాయా?

మల్కాజ్‌గిరి_అక్క:

శ్రావణీ, ముందు ఆ డబ్బా తెరవనందుకు సంతోషం. అలాగే ఉంచు.

నేను చేయించుకున్నాను. తార్నాక వైపు ఒక నేచురోపతి డాక్టరమ్మ దగ్గర, ట్రాన్స్‌ఫర్‌కు ముందు కొన్ని వారాలు. ఎలా ఉంటుందో చెప్తాను, భయం పోతుంది. సూది మన ఇంజెక్షన్ సూదిలా ఉండదు, వెంట్రుకంత సన్నం. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి వేలితో టక్కున కొడితే లోపలికి దిగిపోతుంది. చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కాసేపటికి చీలమండ లోపలివైపు పెట్టిన చోట బరువుగా, లాగినట్టు ఉంటుంది. కడుపు మీద ఎర్రదీపం వేడి పెట్టి, లైటు తీసేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేవారు. మొదటిసారే నిద్రపోయాను. గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్లకు నడుము కింద గడ్డలు కట్టి, రాత్రి ఉప్పుమూటతో కాపడం పెట్టుకుంటే తప్ప పక్కకు తిరగలేని రోజులవి. అలాంటిది పగటిపూట నిద్రపట్టింది.

ట్రాన్స్‌ఫర్ నిలవలేదు. తర్వాతది కూడా నిలవలేదు. ఇప్పుడు మేం దత్తతకు పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నాం. అయినా ఆ సూదులకు పెట్టిన డబ్బు దండగ అనుకోను, ఎందుకంటే మా డాక్టరమ్మ మొదటిరోజే "ఇది పిల్లల్ని ఇవ్వదమ్మా, నీకు కాస్త నిద్ర ఇస్తుంది" అని చెప్పి మొదలుపెట్టారు. ప్యాకేజీ లేదు, వెళ్లినరోజు ఎనిమిది వందలు ఇచ్చి వచ్చేదాన్ని. ఆవిడ దగ్గర నాకు మాట్లాడే చోటు దొరికింది. నువ్వు ఆయన ముందు ఏడ్చానన్నావు చూడు, నీకు కావలసింది అదే అనిపిస్తోంది నాకు. దానికి నలభై ఐదు వేలూ అక్కర్లేదు, పొడీ అక్కర్లేదు.

ల్యాబ్_మనిషి:

నేను పిండాల ల్యాబ్‌లో పనిచేస్తాను. మీ పిండాల లాంటివి రోజూ నా చేతుల మీదుగా వెళ్తాయి కాబట్టి తెలిసింది చెప్తాను.

ఆక్యుపంక్చర్‌కు ఈ పేరు రావడానికి కారణం 2002లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం. 160 మంది మీద చేశారు, ట్రాన్స్‌ఫర్‌కు ముందూ వెనకా సూదులు పెట్టినవాళ్లలో 42.5 శాతం మందికి గర్భం వచ్చింది, పెట్టనివాళ్లలో 26.3 శాతం. ఇంత తేడా చూసి ప్రపంచమంతా ఎగబడింది. అయితే సూదులు పెట్టనివాళ్లకు తమకేమీ పెట్టలేదని తెలుసు. అందుకే తర్వాతివాళ్లు ఉత్తుత్తి సూదులతో పోల్చడం మొదలుపెట్టారు. అంటే చర్మంలోకి దిగని సూదిని, అసలు బిందువులకు దూరంగా పెడతారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది మీద అలా చేసి 2018లో ప్రకటించారు. బిడ్డ పుట్టేదాకా లెక్కపెడితే నిజం సూదులవాళ్లలో 18.3 శాతం, ఉత్తుత్తి సూదులవాళ్లలో 17.8 శాతం. తేడా లేదన్నట్టే. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ల మీద చైనాలోనే వెయ్యిమందితో చేసి 2017లో ప్రకటించిన అధ్యయనంలోనూ అంతే, అండం విడుదలకు ఇచ్చే మాత్ర పనిచేసింది, దానికి సూదులు తోడైనా కాన్పులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కాబట్టి పిల్లల కోసమైతే వద్దంటాను. నిద్ర కోసం, మనసు తేలికపడడం కోసమైతే వెళ్లండి, కానీ మీ ఫెర్టిలిటీ డాక్టర్‌కు చెప్పి వెళ్లండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎకోస్ప్రిన్ గానీ హెపారిన్ గానీ వాడుతుంటే సూది పెట్టినచోట రక్తం కమిలిపోతుంది, ఆ సంగతి సూదులు పెట్టేవాళ్లకు తెలియాలి. సూదుల ప్యాకెట్ మీ కళ్లముందే చింపాలి, ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడకూడదు.

ఎవరి దగ్గరికన్నది కూడా ముఖ్యం. కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను ఒక వైద్యవిధానంగా గుర్తించింది 2019లోనే, అందువల్ల బోర్డులు పెట్టుకున్న అందరి చదువూ ఒకలా ఉండదు. బల్కంపేటలోని గాంధీ నేచర్‌క్యూర్ కాలేజీ లాంటిచోట్ల చదివే బీఎన్‌వైఎస్ (నేచురోపతి, యోగా డిగ్రీ) కోర్సులో ఆక్యుపంక్చర్ ఉంటుంది. ఆ డిగ్రీ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక పొడి. పేరు, తయారీదారు, లైసెన్స్ నంబరు, తేదీ లేని మందు ఏదైనా సరే, దయచేసి నోట్లో వేసుకోకండి. 2011, 2012లలో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తేలితే, ఆరా తీయగా భారతదేశంలో తయారైన ఆయుర్వేద మందులే కారణమని బయటపడింది. కొందరు అవి వాడింది గర్భం కోసమూ, మగపిల్లవాడి కోసమూ. సీసం మావి దాటి బిడ్డకు చేరుతుంది. ఆయుర్వేదం మొత్తాన్ని నేను అనడం లేదు, పేరులేని డబ్బా గురించే అంటున్నాను. థైరాయిడ్ మాత్ర ఒక్కరోజు కూడా ఆపకండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో చూసే హార్మోన్) అదుపులో లేకపోతే గర్భం నిలవడం కష్టమవుతుంది, అబార్షన్ ముప్పూ పెరుగుతుంది. ఆపమన్నవారి దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు.

టెన్షన్ సంగతి. ఐవీఎఫ్‌కు ముందు ఆందోళన పడినవాళ్లకు ఫలితం తగ్గుతుందా అని పద్నాలుగు అధ్యయనాలను, 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూసి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. సంబంధం కనబడలేదు. పిండం నిలవకపోవడానికి చాలాసార్లు పిండంలోని క్రోమోజోముల తేడాయే కారణం, అది మా మైక్రోస్కోపులో గ్రేడింగ్ చూస్తే తెలిసేది కాదు. మీ టెన్షన్ వల్ల ఏ పిండమూ పోలేదు. సీమంతంలో ఆ మాట అన్నావిడకు ఇది చెప్పొచ్చు.

సైదాబాద్_పద్మ:

మా తోటికోడలికి రెండు ఐవీఎఫ్‌లు పోయాక ఆయుర్వేదం మందు మూడు నెలలు వాడితే మామూలుగానే కడుపొచ్చింది. ఇప్పుడు బాబుకి నాలుగేళ్లు. అందరూ వద్దు వద్దు అంటే ఎలా? నమ్మకం కూడా ఉండాలి కదండీ.

ల్యాబ్_మనిషి:

పద్మగారూ, బాబు సంగతి విని సంతోషమండీ. ఐవీఎఫ్ విఫలమయ్యాక ఏ మందూ వాడకుండా సహజంగా గర్భం వచ్చేవాళ్లు ప్రతి సెంటర్‌లోనూ కొందరు ఉంటారు. ట్యూబులు బాగుండి, ఇదీ కారణమని తేలనివాళ్లలో ఇది ఎక్కువగా చూస్తాం. అప్పుడు ఏది వాడుతుంటే ఆ ఘనత దానికి పోతుంది. మీ తోటికోడలు చదివిన డాక్టర్ దగ్గర, పేరున్న మందు వాడి ఉంటే నాకు అభ్యంతరం లేదు. శ్రావణిగారికి ఇచ్చింది అలాంటిది కాదు.

ఉప్పల్_భర్త:

మగవాళ్లు ఇక్కడ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. అమ్మా, మీ పోస్టులో మీవారి టెస్టుల మాటే లేదు. నాడి మీదే చూశారు, నాలుక మీదే చూశారు, సూదులూ మీకే. మా ఇంట్లోనూ అన్ని మొక్కులు, అన్ని పత్యాలు మా ఆవిడే చేసింది. ఆఖరికి ఒక డాక్టర్ పట్టుబట్టి నాకు వీర్యపరీక్ష మళ్లీ చేయించి, యూరాలజిస్ట్ దగ్గరికి పంపితే వేరికోసీల్, అంటే వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం అని తేలింది. వీర్యకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. దసరాకు ముందు దొరికిన ఈ ఖాళీలో ఆయన గుట్కా, సిగరెట్ ఉంటే మానేయడం, పరీక్ష మళ్లీ చేయించడం, ఫ్రీజ్ చేసిన పిండాలు నిలవకపోతే రాబోయే సైకిల్‌కు పనికొస్తాయి. ఆ పొడి డబ్బుకంటే ఇది చవక.

ఇంకో మాట, ఖర్చు భారమైతే గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం పెట్టారు. ప్రస్తుతం ఏ సేవలు ఇస్తున్నారో వెళ్లి కనుక్కోండి.

శ్రావణి_నిజాంపేట్:

అందరికీ చాలా థాంక్స్. టెన్షన్ గురించి రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్లి అత్తయ్యకు కూడా చదివి వినిపించారు. అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మరి ఆ ముసలావిడ అలా అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను కదా, ఒక్కమాట అనాల్సింది" అన్నారు. నాకు అది చాలు.

పొడి డబ్బా మా డాక్టర్ గారికి చూపించాను. ఆవిడ ఉన్నపళంగా టీఎస్‌హెచ్ రాశారు, మాత్ర ఆపనందుకు మెచ్చుకున్నారు. ఆక్యుపంక్చర్ చేయించుకుంటానంటే వద్దనలేదు, ట్రాన్స్‌ఫర్ రోజు మాత్రం అటూ ఇటూ పరుగెత్తొద్దు అన్నారు. మా ఆయన వీర్యపరీక్ష చివరిసారి చేయించి చాలాకాలమైంది, ఈ వారంలో మళ్లీ ఇస్తున్నారు. ఉప్పల్ అన్నయ్యా, మీరు రాయకపోతే ఆ సంగతి మాకు తట్టేది కాదు.

మల్కాజ్‌గిరి అక్కా, ఆ తార్నాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలనుంది. పిల్లల కోసమని కాదు, నిద్ర కోసమే. నాకు ఆఫీసు మాదాపూర్‌లో, మామూలు రోజుల్లో కుదరదు. ఆదివారం చూస్తారా?

మల్కాజ్‌గిరి_అక్క:

ఆదివారం పొద్దున ఒంటిగంట దాకా చూస్తారు. నంబరు ఇక్కడ పెట్టను, నీకు విడిగా మెసేజ్ చేస్తాను. వెళ్లేముందు ఏదైనా కాస్త తిని వెళ్లు, ఖాళీ కడుపుతో సూదులు పెట్టించుకుంటే కళ్లు తిరుగుతాయి. వదులు సల్వార్ వేసుకో, మోకాలిదాకా మడవాల్సి వస్తుంది.