తాత్కాలిక గవర్నరా, అదనపు బాధ్యతలా?

ప్రశ్న: తమిళిసై సౌందరరాజన్ మీద ఒక వ్యాసంలో "వైద్యవృత్తి నుంచి రాజకీయాల్లోకి వచ్చిన ఆమె పుదుచ్చేరికి తాత్కాలిక గవర్నర్‌గా పనిచేశారు" అని ఉంది. ‘తాత్కాలిక’ సరేనా, ‘ఆపద్ధర్మ’ అనాలా?

— ఆపద్ధర్మ వద్దండీ. రాజీనామా ఇచ్చి, కొత్త ప్రభుత్వం వచ్చేదాకా కుర్చీలో ఉండే ముఖ్యమంత్రికి వాడే మాట అది. పెద్ద నిర్ణయాలు తీసుకోరాదన్న సంప్రదాయం దాని వెంటే వస్తుంది. గవర్నర్‌కు ఆ బెడద లేదు. రాజ్యాంగంలోని 156వ అధికరణం ప్రకారం అయిదేళ్లు దాటినా తర్వాతివారు వచ్చేవరకు ఆయన పూర్తి గవర్నరే. అన్నట్టు, ఆపత్ + ధర్మ కాబట్టి ద కింద ధ వత్తు. ‘ఆపధర్మ’ తప్పు, ‘అపద్ధర్మ’ మరీ తప్పు.

— ‘తాత్కాలిక’ కూడా ఇక్కడ అతకదు. ఆమె 2019 సెప్టెంబరు నుంచి తెలంగాణ గవర్నర్. కిరణ్ బేదీని తప్పించాక 2021 ఫిబ్రవరిలో పుదుచ్చేరి కూడా అప్పగించారు. 2024 మార్చిలో రాజీనామా చేసేదాకా రెండూ ఆమె దగ్గరే ఉన్నాయి. మూడేళ్లు దాటినదాన్ని తాత్కాలికం అంటే నవ్వొస్తుంది. తెలుగు పత్రికల్లో దీనికి స్థిరపడిన మాట ‘అదనపు బాధ్యతలు’. పైగా పుదుచ్చేరికి ఉండేది లెఫ్టినెంట్ గవర్నర్. ఆ ముందుమాట ఎగిరిపోతే కేంద్రపాలిత ప్రాంతం కాస్తా రాష్ట్రమై కూర్చుంటుంది.

— మర్రి చెన్నారెడ్డి గారూ డాక్టరే కదా, తమిళనాడుకు తాత్కాలిక గవర్నర్ అని చదివాను?

— తారుమారైంది. 1993 నుంచి 1996 డిసెంబరు 2న కన్నుమూసేదాకా ఆయన పూర్తిస్థాయి గవర్నర్. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కృష్ణకాంత్ తమిళనాడు కూడా చూశారు. జనవరిలో ఫాతిమా బీవీ వచ్చారు. "చెన్నారెడ్డి స్థానంలో తాత్కాలిక గవర్నర్‌గా..." అన్న వాక్యంలో కర్త జారిపోయి ఉంటుంది. రెండు నెలలైనా నిండలేదు కాబట్టి కృష్ణకాంత్‌కు ‘తాత్కాలిక’ నప్పుతుంది.

— శీర్షికలో ‘ఇన్‌ఛార్జి గవర్నర్’ అనొచ్చా?

— చోటు లేకపోతే సరే. కానీ అధికారం తక్కువేమో అన్న ధ్వని వస్తుంది. 159వ అధికరణంలోని ప్రమాణ పాఠం చూడండి: గవర్నర్ పదవికీ, ‘గవర్నర్ విధులు’ నిర్వర్తించడానికీ ఒకటే పాఠం, ఆ ఒక్క ముక్కే మారుతుంది. కొద్దిరోజులకు వచ్చినవారూ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎదుట ప్రమాణం చేయాల్సిందే. అందుకే ‘బాధ్యతలు తీసుకున్నారు’ కంటే ‘ప్రమాణం చేశారు’ గట్టి క్రియ.

— అయితే ఇలా మారుస్తున్నా: "గైనకాలజిస్టు అయిన తమిళిసై, తెలంగాణ గవర్నర్‌గా ఉంటూనే పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్‌గా అదనపు బాధ్యతలు నిర్వహించారు."

— బాగుంది. ‘ఉంటూనే’ ఉన్నాక ‘అదనపు’ లేకపోయినా నష్టం లేదు.