చదవకుండానే నవల వేస్తామంటున్నరు, పైసలు కట్టాల్నా?

బోరుబండి కొడుకు:
అన్నలూ, అక్కలూ, నాది వనపర్తి దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌ల రూం తీసుకొని డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్. సాయంత్రం నుంచి మెడికల్ షాపుల పని. మిగిలిన టైంల నవల రాస్తున్న. మా నాయిన బోరుబండి మీద పనిచేస్తడు, కథంత అదే. ముందుగాల ఎర్రమట్టి వస్తది, రాయి తగిలినంక తెల్లదుమ్ము లేస్తది. రైతు ఆ దుమ్ము ఎప్పుడు తడిదైతదా అని చూస్తుంటడు. నాయిన మాత్రం రైతు మొఖం దిక్కు చూడడు.

ఒక పబ్లిషర్ దగ్గరికి పోతే, కాయితాలు తిప్పి చూడకుండానే ముప్పై వేలు కడితే 500 కాపీలు వేస్తమన్నరు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకం గుర్తింపు నంబరట, దానికి ఇంకో ఐదు వేలట. కాలేజి ఫీజు పైసలు చేతిల ఉన్నయ్. కట్టాల్నా? పుస్తకంగ చూసుకోవాల్నని మస్తు ఉంది.

డీటీపీ అన్న:
ఫీజు డబ్బులు ముట్టుకోకు తమ్ముడూ. చిక్కడపల్లిలో ఏళ్లుగా పుస్తకాలకు పేజీలు కడుతున్నాను. తెలుగులో సొంత డబ్బుతో వేసుకునేవాళ్లే ఎక్కువ, అందులో నామోషీ లేదు. కానీ చదవకుండా రేటు చెప్పినవాళ్లు అమ్మిపెడతారా? కట్టలన్నీ నీ రూముకే వస్తాయి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. ఆ నంబర్లిచ్చే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్‌లో రచయితే అప్లై చేసుకోవచ్చు. ఆ ఐదు వేలు అడిగారంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

ఇంకోటి, ఇప్పటినుంచే ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసుకో. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, వాటిలో చేయిస్తే వెబ్‌లో పెట్టేటప్పుడు మార్చాలి, ఒత్తులు ఎగిరిపోతాయి, మళ్లీ ప్రూఫులు మొదలు.

కాచిగూడ పాఠకురాలు:
రైతు మొఖం చూడని నాయిన దగ్గరే ఆగిపోయాను బాబూ. ఆ ఒక్క ఘట్టాన్ని విడిగా కథ చేసి 'ఈమాట', 'సారంగ' లాంటి వెబ్ పత్రికల్లో ఒకదానికి పంపు. ఈమాట 1998 నుంచి నడుస్తోంది, అచ్చు పుస్తకాలు కొనని వాళ్లు కూడా చదువుతారు. నాయిన మాటల్ని మాత్రం పుస్తకాల భాషలోకి దిద్దకు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 35 ఏళ్లలోపు వాళ్లకి ఇస్తారు, నీకు చాలా టైముంది. ముందు ఆ బ్యాక్‌లాగులు రాసెయ్, డిగ్రీ ఆగిపోతే ఇంట్లోవాళ్లు రాతనే తిడతారు.

బోరుబండి కొడుకు:
రేపు ఫీజు కట్టేస్త అక్కా. ఒకటి చెప్పుండ్రి, ఒకేసారి రెండు పత్రికలకు పంపొచ్చా?

కాచిగూడ పాఠకురాలు:
వద్దు. ఒకచోటికే పంపు, వాళ్లు కాదన్నాక ఇంకోచోటికి. ఈలోగా తర్వాతి చాప్టర్ రాసుకో.