1,500 మీటర్ల ఎత్తున్న ఎడారి డిస్క్ గోల్ఫ్ (డిస్కును విసిరి గొలుసుల బుట్టలో వేసే ఆట) కోర్సుకు ఏ డిస్కులు పట్టుకెళ్లాలి?

అంత ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 14 శాతం తక్కువ. అందుకే కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు కుడివైపు తిరగాల్సిన డ్రైవర్ (దూరం విసిరే డిస్కు) సరిగా తిరగదు, తొందరగా ఎడమకు వాలిపోతుంది. టర్న్ (మొదట్లో కుడికి తిరిగే గుణం; ఎంత మైనస్ అయితే అంత ఎక్కువ) -1 డిస్కు బదులు -3 వాడితే సరిపోతుందా, లేక బరువు కూడా 175 నుంచి 165 గ్రాములకు దించాలా? తేలికపాటిది ఎదురుగాలికి బోర్లా పడుతుందేమో. ఎడారిలో మధ్యాహ్నం గాలి లేవకపోతేనే వింత.

అసలు తలనొప్పి బాస్కెట్ (ఆ గొలుసుల బుట్ట) దగ్గరికి చేర్చే అప్రోచ్ త్రోలో. గట్టి నేలకు తగలగానే డిస్కు ఎగిరి, బాస్కెట్ దాటి సేజ్ పొదల్లోకి దూరుతోంది. మెత్తటి పుట్టర్‌ను (దగ్గరి త్రోలకు వాడే డిస్కు) ముక్కు, అంటే ముందు అంచు, కాస్త పైకెత్తి వేస్తే ఆగుతుందా?

బేస్ (చవక రకం) ప్లాస్టిక్‌ అంచులను రాళ్లు చెక్కేస్తాయి, ప్రీమియం ప్లాస్టిక్ దుమ్ము పడితే చేతిలో జారుతుంది. పుట్టర్‌కు ఏది నయం? అలాంటి కోర్సుల్లో ఆడినవాళ్లు డిస్కు నంబర్లతో సహా చెప్పగలరా?