పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ 13 నుంచి 16కి మారుస్తుంటే ఆగిపోయింది, డేటా తిరిగి వస్తుందా?

నీలిగీత:
మా టికెట్ల సాఫ్ట్‌వేర్ డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపేది) నడుస్తుంది. టీమ్ కొత్త వెర్షన్ పెట్టినప్పుడు, ఏ కంటైనర్ ఏ వెర్షన్‌తో నడవాలో రాసే కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ కూడా 13 నుంచి 16కి మారింది. ఇప్పుడు డేటాబేస్ స్టార్ట్ కావడం లేదు. డేటా డైరెక్టరీ 13తో తయారైంది, 16కి సరిపడదు అని లాగ్‌లో వస్తోంది. డేటా ఉండే డాకర్ వాల్యూమ్ డిలీట్ చేసి, రాత్రి బ్యాకప్ ఎక్కించేద్దాం అంటున్నారు. ఆ బ్యాకప్‌ను ఇంతవరకు ఎవరూ రీస్టోర్ చేసి చూడలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, త్వరగా చెప్పండి.

లాగ్‌చదివేవాడు:
వాల్యూమ్ డిలీట్ చేయకండి! ఆ ఎర్రర్ చూసి భయపడక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ ముందుగా పీజీ_వెర్షన్ అనే చిన్న ఫైల్ చూస్తుంది. నంబర్ కలవకపోతే డేటా జోలికి పోకుండా ఆగిపోతుంది. అంటే మీ డేటా చెక్కుచెదరలేదు.

కంటైనర్లన్నీ ఆపండి. వాల్యూమ్ మొత్తం వేరే డిస్క్‌కి కాపీ చేయండి. అది పూర్తయ్యాకే కంపోజ్ ఫైల్‌లో వెర్షన్ ట్యాగ్‌ను 13కి వెనక్కి మార్చి, డేటాబేస్ ఒక్కటే లేపండి. యాప్‌ను మాత్రం ఇప్పుడే లేపొద్దు. 13 దొరికిన మరుక్షణం కొత్త యాప్ తన మైగ్రేషన్లు (టేబుళ్ల రూపం మార్చే స్క్రిప్ట్‌లు) నడిపేస్తుంది, ఆ తర్వాత పాత యాప్‌కి ఆ టేబుళ్లు పనికిరావు.

రాత్రిషిఫ్ట్:
కంటైనర్లు ఆపమన్నది తేలిగ్గా తీసుకోకండి. డేటాబేస్ నడుస్తుండగా ఆర్‌సింక్ లాంటి కాపీ టూల్‌తో ఫైళ్లు కాపీ చేస్తే ఒక్కో ఫైల్ ఒక్కో క్షణానిది అవుతుంది, ఆ కాపీని నమ్మలేం.

ఇంకో మాట. వెర్షన్ తగ్గిస్తే సరిపోతుందని అన్నిచోట్లా అనుకోవద్దు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో 5.7 నుంచి 8.0కి వెళ్లాక వెనక్కి దారి లేదు, పాత బ్యాకప్పే దిక్కు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ పెంచే పీజీ_అప్‌గ్రేడ్ టూల్‌ను లింక్ మోడ్‌లో (ఫైళ్లు కాపీ చేయకుండా పాతవే పంచుకునే పద్ధతి) వాడినా అంతే. కొత్త సర్వర్ ఒక్కసారి స్టార్ట్ అయితే పాతది ఇక వాడకూడదు.

పాతటేపు:
ఆ రాత్రి బ్యాకప్ గురించే నాకు బెంగ. కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగింది గుర్తుందా? వాళ్లే పూర్తిగా రాసి పెట్టారు. అసలు డేటాబేస్ ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయింది. తీరా చూస్తే బ్యాకప్‌లు లేవు. డేటాబేస్ 9.6, డంప్ (డేటాను ఫైల్‌గా బయటికి తీయడం) తీసే పీజీ_డంప్ టూల్ మాత్రం 9.2. అందుకే డంప్ ఫెయిలవుతూ వచ్చింది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు ఎవరికీ చేరలేదు. వేరే పనికోసం దాదాపు ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఉన్నట్టుగా తీసిన నకలు) వాళ్లను కాపాడింది.

వెర్షన్ మార్చిన ప్రతిసారీ బ్యాకప్ స్క్రిప్ట్‌లో ఏ పీజీ_డంప్ ఉందో చూడండి. ఖాళీ కంటైనర్‌లో రీస్టోర్ చేసి, ముఖ్యమైన టేబుళ్లలో వరుసలు లెక్కపెట్టండి. ఆ పని చేయని ఫైల్‌ను నేను బ్యాకప్ అనను.

నీలిగీత:
13 లేచింది, టికెట్లన్నీ ఉన్నాయి! చాలా థ్యాంక్స్ అండి. పీజీ_డంప్‌ఆల్‌తో యూజర్లతో సహా మొత్తం డంప్ తీసి కొత్త వాల్యూమ్‌లో 16కి ఎక్కించాం. కానీ యాప్ కనెక్ట్ కావడం లేదు, పాస్‌వర్డ్ తప్పు అంటోంది. పాస్‌వర్డ్ మేం మార్చలేదు.

లాగ్‌చదివేవాడు:
పోస్ట్‌గ్రెస్ 13 పాస్‌వర్డ్‌లను మామూలుగా ఎండీ5 అనే పాత రూపంలో దాస్తుంది. 14 నుంచి దాని డాకర్ ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే రెడీమేడ్ ప్యాకేజీ) స్క్రామ్ అనే కొత్త రూపం అడుగుతుంది. డంప్‌లో పాత ఎండీ5 రూపమే వచ్చింది కాబట్టి కుదరదు. ఆల్టర్ యూజర్ కమాండ్‌తో అదే పాస్‌వర్డ్ మళ్లీ పెట్టండి. కొందరు హెచ్‌బీఏ ఫైల్‌లో (ఎవరు ఎలా లాగిన్ కావాలో రాసేది) ట్రస్ట్, అంటే పాస్‌వర్డ్ అడగొద్దు అని రాసేయమంటారు, దయచేసి ఆ పని చేయకండి. తర్వాత అనలైజ్ కమాండ్ కూడా నడపండి, క్వెరీలను వేగంగా నడపడానికి వాడే టేబుళ్ల గణాంకాలు డంప్‌తో పాటు రావు కాబట్టి మొదట్లో క్వెరీలు నత్తనడక నడుస్తాయి.

తాళంచెవి:
డేటాబేస్ దగ్గరే ఆగిపోకండి. అటాచ్‌మెంట్లు, యాప్ సెట్టింగ్‌లుండే ఎన్‌వీ ఫైల్, అందులోని ఎన్‌క్రిప్షన్ కీ ఎక్కడున్నాయి? గిట్‌ల్యాబ్ సొంత బ్యాకప్ కమాండ్ కూడా కీలు ఉండే సీక్రెట్స్ ఫైల్‌ను తీసుకోదు, విడిగా దాచుకోవాలి. కీ పోతే ఎన్‌క్రిప్ట్ చేసిన కాలమ్‌లు డేటాబేస్‌లో ఉన్నా తెరుచుకోవు.

నీలిగీత:
పాస్‌వర్డ్ మళ్లీ పెట్టగానే యాప్ లేచింది. అటాచ్‌మెంట్ల వాల్యూమ్ మా బ్యాకప్ స్క్రిప్ట్‌లో అసలు లేదు, ఇప్పుడే చేర్చాం. 13 కాపీని ఎన్నాళ్లు ఉంచమంటారు?

పాతటేపు:
16 మీద తీసిన బ్యాకప్ ఒకటి వేరే మెషీన్‌లో పూర్తిగా రీస్టోర్ అయ్యేదాకా. నెలాఖరు రిపోర్టులు ఉంటే అవి కూడా ఒకసారి నడవనివ్వండి, అరుదుగా వాడే క్వెరీలు విరిగేది అక్కడే.