స్థిరమైన ఛాతీనొప్పికి స్టెంట్: ఆ నిర్ణయం యాంజియోగ్రామ్ బల్ల మీదే తీసుకోవాలా?

కాకినాడ వాసి (చర్చ ప్రారంభం):
మేడ మెట్లెక్కితే మా నాన్నగారికి ఛాతీలో పట్టేసినట్టుండేది, రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోయేది. మూడు నెలలు అదే తీరు. పెరగనూ లేదు, తగ్గనూ లేదు. యాంజియోగ్రామ్ మధ్యలో డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి, తెర మీద సన్నబడిన నాళాన్ని వేలితో చూపించి, "తొంభై శాతం బ్లాక్ ఉంది, ఇప్పుడే స్టెంట్ వేసేద్దాం" అన్నారు. నాన్నగారు బల్ల మీదే ఉన్నారు, మణికట్టులోని గొట్టం ఇంకా తీయలేదు. నేను సంతకం పెట్టాను. ఆయన ఇప్పుడు హాయిగా మెట్లెక్కుతున్నారు, కాబట్టి ఆ స్టెంట్ అనవసరమని నేను అనడం లేదు. కానీ స్టెంట్ వేయకపోతే ప్రాణానికే ముప్పని ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆ తర్వాత చదివిన పరిశోధనలు అలా చెప్పడం లేదు.

2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో 2,287 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మందులు, మరో వర్గానికి మందులతో పాటు స్టెంట్ ఇచ్చి నాలుగేళ్లకు పైగా గమనిస్తే, మరణాలూ గుండెపోట్లూ దాదాపు సమానంగా ఉన్నాయి. మన దేశంతో సహా 37 దేశాల్లో 5,179 మందితో జరిగి, 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలోనూ అంతే: ముందుగానే స్టెంటో బైపాసో చేసినవారికీ, మందులతో మొదలుపెట్టి అవి చాలనప్పుడే ఆ దారి పట్టినవారికీ ఆయుష్షులో తేడా కనబడలేదు. మరి అంత తొందర దేనికి?

గుండె వైద్యుడు, వరంగల్:
మీ ఆవేదన సబబే, కానీ ఈ చర్చ చదివి ఎవరూ ప్రమాదంలో పడకూడదని ముందుగా ఒక మాట చెబుతున్నాను. ఒళ్లంతా చెమటలు పట్టి, తగ్గని నొప్పితో గుండెపోటు వచ్చిన మనిషికి ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ మూసుకుపోయిన నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత గుండె కండరం దక్కుతుంది. ఎడమవైపు ప్రధాన నాళం బాగా సన్నబడినవారిని, గుండె పంపింగ్ బాగా పడిపోయినవారిని మీరు చెప్పిన రెండు అధ్యయనాల్లోనూ చేర్చుకోలేదు.

స్థిరమైన నొప్పి ఉన్నవారికి స్టెంట్ వల్ల కలిగేది ప్రధానంగా ఉపశమనం. దాన్ని చిన్నచూపు చూడకండి. 2017లో లండన్ పరిశోధకులు 200 మందిలో కొందరికి నిజంగా స్టెంట్ వేసి, మిగిలినవారికి వేసినట్టు నటించి, ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియనివ్వకుండా ఆరు వారాల తర్వాత పరీక్షిస్తే, నడక సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే బృందం ఛాతీనొప్పికి వాడే మందులు ఆపించి 301 మందిపై మళ్లీ పరీక్షించి 2023లో ప్రచురించినప్పుడు మాత్రం, స్టెంట్ వేసినవారికి నొప్పి స్పష్టంగా తగ్గింది. పొలం పనికి వెళ్లాల్సిన మనిషికి అది చాలా పెద్ద మేలు.

ఇక తొందర మాట. రెండోసారి రమ్మంటే మళ్లీ గొట్టం, నాళాలు తెర మీద కనబడేందుకు ఎక్కించే రంగుమందు భారం మళ్లీ మూత్రపిండాలపై, మళ్లీ ఖర్చు. నూరు కిలోమీటర్లు బస్సులో వచ్చినవారిని ఎలా తిప్పి పంపమంటారు?

రిటైర్డ్ ఫార్మసిస్టు, గుంటూరు:
నా అనుభవంలో నొప్పి తగ్గగానే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేసేవారే ఎక్కువ. అధ్యయనాల్లో పలకరించి మందులు వేయించే మనుషులుంటారు, మన ఇళ్లలో ఎవరుంటారు? స్టెంట్ వేయించుకున్నవారు కూడా రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు చెప్పినంత కాలం వాడాల్సిందే. మధ్యలో ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. అది మంచి పనే, కానీ ధర తగ్గిందని అవసరం పెరగదు కదా.

కాకినాడ వాసి:
డాక్టరుగారూ, ఉపశమనం గురించి మీరు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం స్టెంట్ మీద కాదు, సమయం మీద. చాలా గుండెపోట్లు తెరపై భయపెట్టే ఆ తొంభై శాతం బ్లాక్ దగ్గర కాకుండా, అంతగా సన్నబడని చోట పేరుకున్న కొవ్వు పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి; నాళాలంతటా ఆ పొరను కుదుటపరిచేది స్టాటిన్ మాత్రే. ఈ సంగతి మీరు వివరిస్తే మాకు అర్థమవుతుంది, అయితే అందుకు పావుగంట కావాలి. ఇక మధుమేహంతో పాటు రెండు మూడు నాళాల్లో బ్లాకులున్నవారి విషయంలో బల్ల మీద తొందరపాటు మరీ పెద్ద నష్టం. 1,900 మందితో జరిగి, 2012లో వెలువడిన ఫ్రీడమ్ అధ్యయనంలో ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే స్టెంట్ వర్గంలో 26.6 శాతం, బైపాస్ వర్గంలో 18.7 శాతం. అక్కడికక్కడే స్టెంట్లు వేసేస్తే బైపాస్ గురించి ఆలోచించే అవకాశమే పోతుంది.

గుండె వైద్యుడు, వరంగల్:
మధుమేహం విషయంలో మీతో ఏకీభవిస్తాను. అలాంటివారిని బల్ల మీద నుంచి దింపి, సర్జన్‌తో మాట్లాడాకే నిర్ణయించాలి. ఒకే బ్లాక్ ఉన్నవారితో యాంజియోగ్రామ్‌కు ముందు రోజే, "ఇది కనిపిస్తే ఇలా చేద్దామా, లేక ఆగి ఆలోచిద్దామా" అని మాట్లాడుకుంటే రెండోసారి గొట్టం వేయాల్సిన పనీ ఉండదు.

కాకినాడ వాసి:
నేను కోరేదీ అదేనండీ. మొన్న మా పెద్దమ్మకు యాంజియోగ్రామ్ అన్నప్పుడు ముందు రోజు సాయంత్రమే వెళ్లి అడిగాం. అక్కడి డాక్టరమ్మగారు మందుల చీటీ వెనక మూడు నాళాల బొమ్మ గీసి, ఎక్కడ బ్లాక్ ఉంటే ఆగుతారో, ఎక్కడైతే వెంటనే స్టెంట్ వేస్తారో గీతలు పెట్టి చూపించారు. పెద్దమ్మ ఆ చీటీ రెండుసార్లు చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టింది.