చిన్న గదిలో బ్యాండ్ షో: ఇయర్‌ప్లగ్స్ పెడితే పాటలో మాటలు వినపడట్లేదు

ముప్పై మంది పట్టే గదుల్లో ఇండీ బ్యాండ్ల షోలంటే నాకు ప్రాణం. అక్కడ స్పీకర్లలోంచి వచ్చేది గొంతు ఒక్కటే, డ్రమ్స్, గిటార్ ఆంప్ మోత నేరుగా మీదికొస్తుంది. ఫోన్ యాప్‌లో 100 డెసిబెల్స్ చూపిస్తోంది (ఆ స్థాయికి రోజుకి 15 నిమిషాలే పరిమితి అంటుంది పనిచోట ఆరోగ్య భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్), మర్నాడు పొద్దున దాకా చెవుల్లో గుయ్‌మంటోంది. ఫోమ్ ప్లగ్స్ పెడితే హోరు తగ్గుతోంది కానీ మాటలు మొద్దుబారిపోతున్నాయి, అసలు నేను వెళ్లేదే ఆ మాటల కోసం. సగం దూర్చి చూశా, గుయ్ మళ్లీ మొదలు. వెనక గోడ దగ్గరికి జరిగితే బేస్ ఇంకా పెరిగింది.

అన్ని శబ్దాల్నీ దాదాపు సమానంగా తగ్గించే ఫిల్టర్ ఉండే మ్యూజీషియన్ ప్లగ్స్ ఇలాంటి గదుల్లో వాడినవాళ్లు చెప్పండి: మాటలు తెలుస్తూనే చెవులు మోగకుండా ఉండాలంటే ఎన్ని డెసిబెల్స్ తగ్గించేవి తీసుకోవాలి?