ఫోస్టర్ కేర్‌లో పెరిగిన పిల్లల స్కాలర్‌షిప్‌కి మార్కుల షరతు ఉండాలా?

చదువరి:
కన్నవాళ్ల దగ్గర ఉండే వీల్లేక, ప్రభుత్వం అప్పగించిన వేరే కుటుంబాల్లో పెరిగిన పిల్లల గురించి ఈ చర్చ. అమెరికాలో వీళ్లకి కాలేజీ చదువు కోసం విడిగా ఛాఫీ వోచర్ అనే ప్రభుత్వ సాయం ఉంది, ఏడాదికి 5,000 డాలర్ల దాకా, 26 ఏళ్లు వచ్చేవరకు, మొత్తం ఐదేళ్లకు మించకుండా. అయితే చదువు సంతృప్తికరంగా సాగుతోందని కాలేజీ చెప్పాలి, లేదంటే ఆగిపోతుంది. ఈ షరతు తీసేయాలని నా వాదన. మీరేమంటారు?

లెక్కల మనిషి:
తీసేయకూడదు. అది జనం కట్టిన పన్ను డబ్బు, ఒకరు చదవకుండా వాడుకుంటే ఇంకొకరికి అందదు. పైగా పేద పిల్లలు బోలెడుమంది ఉన్నారు, వాళ్లందరూ మార్కులు తెచ్చుకునే స్కాలర్‌షిప్ నిలబెట్టుకుంటున్నారు కదా. వీళ్లకి మాత్రం వేరే కొలత ఎందుకు?

చదువరి:
ఎందుకంటే ఇద్దరి లోటూ ఒకలాంటిది కాదండీ. పేద ఇంటి పిల్లాడికి డబ్బు లేకపోవచ్చు గానీ సెలవులిస్తే వెళ్లడానికి ఒక ఇల్లుంటుంది, జ్వరమొస్తే ఫోన్ ఎత్తే మనిషి ఉంటారు, గది అద్దెకి తీసుకోవాలంటే హామీ సంతకం పెట్టేవాళ్లు దొరుకుతారు. ఫోస్టర్ కేర్ నుంచి బయటికొచ్చిన పద్దెనిమిదేళ్ల అమ్మాయికి హాస్టల్ మూసేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే పెద్ద టెన్షన్. ఇంగ్లండ్‌లో ఈ సంగతి చట్టంలోనే రాసుకున్నారు, ఇలా బయటికొచ్చి కాలేజీలో ఉండి చదువుకునేవాళ్లకి సెలవుల్లో గది లేకపోతే స్థానిక ప్రభుత్వమే బస చూపాలి, లేదా దానికి డబ్బివ్వాలి.

ఇక మార్కులు. కుటుంబం మారినప్పుడల్లా చాలాసార్లు స్కూలూ మారుతుంది, కొత్త చోట పాఠం ఎక్కడుందో తెలిసేసరికి నెలలు పోతాయి. అలాంటి పిల్లలని మొదటి ఏడాది మార్కులతో తూచడమంటే ఎన్నిసార్లు ఇల్లు మారారో దానికి శిక్ష వేయడమే.

ఫీజు కౌంటర్:
నేను ఒక కాలేజీలో ఈ దరఖాస్తులే చూస్తాను. మీరిద్దరూ మార్కుల దగ్గరే ఆగిపోయారు, నేను ఎక్కువగా చూసేది డబ్బు ఆలస్యంగా రావడం. అద్దె నెల మొదట్లో కట్టాలి, స్కాలర్‌షిప్ టర్మ్ మధ్యలో వస్తుంది, ఈలోపు రాత్రి షిఫ్టుకి వెళ్తారు, పొద్దున క్లాసులో నిద్రపోతారు, మార్కులు పడిపోతాయి, అప్పుడు ఉన్న స్కాలర్‌షిప్ కూడా పోతుంది. ఫీజు మాఫీ ఒక్కటే చాలదు, తిండికీ అద్దెకీ నెలనెలా చేతికి డబ్బు రావాలి.

ఇంకో మాట, తాను ఫోస్టర్ కేర్‌లో ఉన్నానని పిల్లలు కౌంటర్ కౌంటర్‌కీ చెప్పుకోవలసి వస్తుంది. ఒకసారి కాగితం చూపించాక మళ్లీ అడగకూడదు.

లెక్కల మనిషి:
ఆలస్యం గురించి ఒప్పుకుంటాను, దాన్ని సరిచేయాలి. ఒకటి రెండు టర్మ్‌లు గడువిచ్చినా నాకు అభ్యంతరం లేదు. కానీ షరతే లేకపోతే పేరు నమోదు చేసుకుని డబ్బు తీసుకుని వెళ్లిపోయేవాళ్లని ఎలా ఆపుతారు?

చదువరి:
హాజరు చూడండి. క్లాసుకి వస్తున్నారా లేదా అన్నది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రాకపోతే డబ్బు ఆపేముందు ఒక మనిషి ఫోన్ చేసి ఎందుకు రావట్లేదో అడగాలి, ఆ ఫోన్ చేసే ఉద్యోగికి జీతం కూడా స్కాలర్‌షిప్ ఖర్చులో భాగమే అనుకోవాలి. స్కాట్లాండ్‌లో ఇలాంటి పిల్లలకి డిగ్రీ స్థాయిలో ఏడాదికి 9,000 పౌండ్ల దాకా ఇస్తున్నారు, ఆదాయ పరీక్ష లేదు, తిరిగి కట్టక్కర్లేదు. అమెరికా వోచర్ గరిష్ఠం మాత్రం మొదలైనప్పటి నుంచీ అదే 5,000, కోవిడ్ రోజుల్లో కొంతకాలం 12,000 చేసి మళ్లీ వెనక్కి తెచ్చారు. ఇరవై ఏళ్లు దాటినా అద్దెలతో పాటు పెరగని ఆ మొత్తం ఇచ్చి, దాని మీద మార్కులు కూడా అడగడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

ఫీజు కౌంటర్:
హాజరు షరతుకి నా ఓటు. ఫోన్ చేసే మనిషి మాత్రం ఏడాదికొకరు మారకూడదు, మొదటి రోజు నుంచి పట్టా చేతికొచ్చేదాకా ఒక్కరే ఉండాలి.